నాలుగు బొట్టుబిళ్ళల కార్డు

నా దగ్గర ఒక రిజిస్టరు పేజీ జిరాక్సు ఉంది. అసలు రిజిస్టరు ఉద్యోగం మానేసిన రోజునే ఆఫీసులో అప్పగించాను. ఆ పేజీలో ఒక పాప పేరుకు ఎదురుగా ముప్పై ఐదు గళ్ళుంటాయి, ఐదు వారాలకు రోజుకొకటి చొప్పున. ముప్పై ఐదింటిలోనూ నాలుగు అనే ఉంది. చేతిరాత నాదే. ఎక్కడా కొట్టివేత లేదు.

బస్తీల్లో పిల్లల పోషణ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. పాత సంగతులు చెప్పమంటారు. నేను ఆ పేజీ చేతికిచ్చి, ఇందులో తప్పెక్కడుందో చూడమంటాను. వాళ్ళు కూడి చూస్తారు. నూట నలభై. కింద నేను వేసిన మొత్తం కూడా నూట నలభై. సరిపోయింది సార్ అంటారు. సరిపోయింది నిజమే. నేనూ అప్పట్లో అంతవరకే చూశాను.

నేను లెక్కలు బడిలో నేర్చుకున్నది తక్కువ. పదో తరగతి తప్పాక సైదాబాద్‌లో ఒక పప్పుల టోకు దుకాణంలో తూకం దగ్గర కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళు అక్కడే. బస్తా దిగినప్పుడొక తూకం, సరుకు చిల్లరగా పోయాక ఇంకో తూకం. రెండింటి మధ్య తగ్గినదాన్ని తరుగు అంటారు. ఎండకు ఇంత, పురుగుకు ఇంత, ఎలుకకు ఇంత అని ఒప్పుకున్న తరుగు ఉంటుంది. దానికి మించి తగ్గితే ఎవరో తీశారని అర్థం. షావుకారు ఆ మాట పైకి అనడు. రెండు రోజులు అందరి సంచుల వంకా చూస్తాడు. మూడో రోజుకు దొంగ దొరికేవాడు, లేదా ఎవడో ఒకడు దొంగయ్యేవాడు.

దుకాణం మూతపడ్డాక తెలిసినాయన ఒకరు నన్ను ఒక స్వచ్ఛంద సంస్థలో పెట్టించాడు. బరువులు రాసే మనిషి కావాలన్నారట. బియ్యం బరువైతేనేం, పిల్లల బరువైతేనేం అనుకుని చేరాను. కంప్యూటరు నాకు నేనే నేర్చుకున్నాను. ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పైన, రెండు గదులు. కింద పోటీ పరీక్షల సారు మైకులో లెక్కలు చెప్పేవాడు. ఆయన చెప్పిన కిటుకులు నేను పైనుంచే నాలుగైదు రాసుకున్నాను. ఫీజు కట్టలేదు.

మా పని ఎల్బీ నగర్ చుట్టుపక్కల ఉన్న బస్తీల్లో. ఆరు నెలలు దాటిన బిడ్డకు తల్లిపాలు ఒక్కటే చాలవు, పైతిండి మొదలుపెట్టాలి. అది నీళ్ళలా కాదు, చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. పప్పుబువ్వ మెత్తగా పిసికి, ఒక చెంచా నూనె కలిపి, రోజుకు ఇన్నిసార్లు పెట్టాలి. ఇదీ తల్లులకు చెప్పాల్సింది. చెప్పడం మా ఫీల్డు వర్కరు పని. ఆమెది నల్లగొండ దగ్గర పల్లె. భర్త పోయి చాలా ఏళ్ళయింది. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని, అదేమని అడిగిన వాళ్ళను అక్కడే నిలబెట్టి కడిగేసే మనిషి. నన్ను అన్నా అనేది. మా ఇద్దరి మీదా ఒక మేడం ఉండేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవారు. నేనెప్పుడూ పాఠం చెప్పకపోయినా నన్ను మాస్టారూ అని పిలిచేవారు.

చెప్పడం ఫీల్డు వర్కరు వంతు, లెక్క నా వంతు. అక్కడే చిక్కు వచ్చింది. నిన్న పాపకు ఎన్నిసార్లు పెట్టావమ్మా అంటే, "పెట్టిన సార్, మస్తు పెట్టిన" అనేవాళ్ళు. మస్తును గడిలో ఎలా రాయాలి?

ఒకరోజు ఇంట్లో గడ్డం గీసుకుంటుంటే అద్దం అంచు కనబడింది. మా ఆవిడ ముఖం కడుక్కునే ముందు తీసి అంటించిన బొట్టుబిళ్ళలు అక్కడ వరసగా ఉన్నాయి. ఎన్నిసార్లు ముఖం కడుక్కుందో లెక్కపెట్టవచ్చు అనిపించింది. మర్నాడు ఒక అట్ట మీద వారానికి ఏడు వరసలు, వరసకు నాలుగు గళ్ళు గీసి ఆఫీసుకు తీసుకెళ్ళాను. బిడ్డకు ఒకసారి తినిపిస్తే ఒక బొట్టుబిళ్ళ అంటించాలి. చదువు రాకపోయినా ఫరవాలేదు, పెన్ను వెతుక్కోనక్కర్లేదు, బొట్టుబిళ్ళలు లేని ఇల్లుండదు.

"భలే ఉందండీ మాస్టారూ. నాకెందుకు తట్టలేదో చూడండి" అన్నారు మేడం.

ఫీల్డు వర్కరు అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. "బొట్టుబిళ్ళల మీద గూడ లెక్కలు జేస్తవా అన్నా? వదిన ఎట్ల ఏగుతుందో నీతోని" అంది.

నిజానికి ఎనిమిది నెలలు దాటిన బిడ్డకు రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలని మా పుస్తకంలో ఉంది. మూడు నాలుగు అంటే ఎంత? నా గడికి ఒక అంకె కావాలి. నాలుగు అని ఖాయం చేశాను. నెలంతా కార్డు నిండిన తల్లికి ఒక స్టీలు గిన్నె, చెంచా బహుమతి అని కూడా నేనే చెప్పాను. మొదటి నెలలో ఇరవై ఆరు కార్డులిస్తే పంతొమ్మిది నిండి వచ్చాయి. అంత బాగా పనిచేసిన ఉపాయం నా జీవితంలో అంతకుముందు లేదు. మనసులో కొంచెం ఎత్తు పెరిగానేమో కూడా.

ఇప్పుడా పాప సంగతి.

తల్లికి ఇరవై రెండేళ్ళుంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో పని. పొద్దున ఐదింటికి ఇల్లు వదిలితే సాయంత్రం ఆరింటికి గానీ తిరిగి రాదు. భర్త సెంట్రింగ్ పనికి ఊళ్ళు తిరుగుతాడు. ఒకటే గది. పాపను చూసుకునేది అత్త. అవ్వ అనేవాళ్ళం. కిరాణా దుకాణాలవాళ్ళు చింతపండు బుట్టలు ఇచ్చి పోతే గడప దగ్గర కూర్చుని గింజలు తీసి పెట్టేది. నేను ఎప్పుడు వెళ్ళినా పక్కన పాప పడుకుని ఉండేది, ముందు గింజల కుప్ప ఉండేది. నేను ఆ కుప్పను దాటి లోపలికి వెళ్ళి గోడకున్న కార్డు చూసి వచ్చేవాణ్ణి.

గురువారం మధ్యాహ్నం బస్తీలోని కమ్యూనిటీ హాల్లో తల్లుల మీటింగు, తూకం. హాస్టల్లో పగటి వంటకూ రాత్రి వంటకూ మధ్య దొరికే రెండు గంటల్లో ఆ తల్లి పరుగెత్తుకుని వచ్చేది. పాపను ఇంటి నుంచి మోసుకొచ్చేది అవ్వ. తూకం కాగానే పాపను తల్లి చేతికిచ్చి అవ్వ బయటికి పోయి మెట్ల మీద కూర్చునేది. అది తల్లుల మీటింగు కదా. మేమే అలా చెప్పాం. ముసలివాళ్ళు కూర్చుంటే కోడళ్ళు నోరు విప్పరని మాకు శిక్షణలో చెప్పారు. అదీ నిజమే.

పాపకు ఏడో నెల నిండినప్పుడు ఆరు కిలోల ఐదు వందల గ్రాములు. ఎనిమిదో నెల నిండేసరికి ఆరు కిలోల మూడు వందలు. అప్పుడే కార్డు ఇచ్చాం. ఐదు వారాలు కార్డులో ఒక్క గడి ఖాళీ లేదు. ఐదో గురువారం తూకంలో ఆరు కిలోల నూరు. ఆరు కిలోల కిందికి పడితే ఇక ఇంట్లో ఉంచవద్దు, దవాఖానాలో చేర్చాలి అని మా పిల్లలను చూసే డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చేరిస్తే తల్లి రెండు వారాలు పక్కనుండాలి. హాస్టలు వాళ్ళు రెండు రోజులు కూడా ఆగరు.

ముందు తూకాన్ని అనుమానించాను. కిలో కందిపప్పు ప్యాకెట్లు రెండు, తర్వాత ఐదు వేలాడదీసి చూశాను. గ్రాము తేడా లేదు. తర్వాత కార్డు చూశాను. నూట నలభై బిళ్ళలు, ఎర్రవి, మెరూన్‌వి. ఒక్కటి వంకర లేదు. ఆ వంకర లేకపోవడం దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. నాలుగు వేళలప్పుడు, ఏడుస్తున్న బిడ్డ పక్కన, మెతుకులంటిన వేళ్ళతో అంటిస్తే బిళ్ళలు అలా గీత గీసినట్టు ఉండవు. నాకు అది నీట్‌గా కనబడింది. సంతోషించాను కూడా.

తూకం సరైనది, కార్డు సరైనది. పాప మాత్రం తగ్గింది. మధ్యలో తగ్గితే ఏమిటో నాకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు.

ఆ మధ్యాహ్నం మీటింగులో, పన్నెండు మంది తల్లుల ముందు, ఆ అమ్మాయిని లేపి అడిగాను.

"రోజూ వండి పెట్టి పోతున్నవా?"

"పోతున్న సార్. పప్పుబువ్వ, ఆలుగడ్డ, ఒకరోజిడిచి ఒకరోజు గుడ్డు. అక్క చెప్పినట్లనే."

"నాలుగు పూటలకు సరిపోయేంత?"

"అవ్ సార్."

"సాయంత్రం నువ్వు వచ్చేసరికి గిన్నెలో ఏమన్న మిగులుతదా?"

"ఏం మిగలదు సార్. కడిగి బోర్లిచ్చి ఉంటది."

"మరి పాప కడుపులోకి పోతే పాప పెరగాలె గదా. పోతలేదు. గిన్నెల ఉంటలేదు. అంటే మధ్యలో తరుగు వస్తున్నది. ఇంట్ల ఎవరు తింటున్నరో జర చూసుకో అమ్మా."

ఎవరో నవ్వారు. వెనక నుంచి ఒకావిడ, "ఇంకెవరు, ముసల్ది మింగుతుందేమో" అంది. ఇంకొందరు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు, కూర్చోలేదు. ఫీల్డు వర్కరు నా మోచేయి పట్టుకుని, "అన్నా, చాలు" అంది మెల్లగా. తలుపు తీసే ఉంది. అవ్వ మెట్ల మీద ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది. తెల్లచీర కొంగు తల మీదికి లాక్కోవడం చూశాను. ఎండకు అనుకున్నాను.

మర్నాడు పదిన్నరకు ఫీల్డు వర్కరు ఫోనుకు ఆ అమ్మాయి చేసింది. మేమిద్దరం ఆఫీసులోనే ఉన్నాం. స్పీకరు పెట్టింది.

"అక్కా, అత్త పోయింది. రాత్రి నేను అడిగిన. నువ్వు తింటున్నవా అని అడిగిన, అంతే. ఏమనలే. అన్నం గూడ తినలే. పొద్దుగాల నేను లేచేటాల్లకు రెండు చీరలు మూట కట్టుకోని కూసుంది. పాప లేచేదాంక ఆగి, ముఖం కడిగి, నా చేతికిచ్చి, ఊరికి పోత అని పోయింది. నేను డ్యూటీకి పోలే. రేపు గూడ రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంట అన్నది వార్డెన్ మేడం. పాప నా చేతుల తింటలేదక్కా. నేనేం జేయాలె?"

ఫీల్డు వర్కరు ఫోను పెట్టేసి నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "బండి తియ్" అంది.

అవ్వ ఊరూ నల్లగొండ వైపే. ఆ బస్సులు ఆగేచోటికి, ఎల్బీ నగర్ మెట్రో స్తంభాల కిందికి పోయేసరికి పదకొండున్నర దాటింది. ఈపాటికి చౌటుప్పల్ కూడా దాటిపోయి ఉంటుందని లెక్క వేసుకుంటూనే ఉన్నాను. కానీ ఆమె అక్కడే, ఫుట్‌పాత్ అంచున, చెరుకురసం బండి పక్కన మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇంకా పోలేదా అవ్వా?" అంది ఫీల్డు వర్కరు, పక్కనే చతికిలబడుతూ.

"మూడు బస్సులు పోయినయి బిడ్డా. ఆధార్ కార్డు ఇంట్ల మర్సిన. అది ఉంటె ఆడోళ్ళకు ఫ్రీ, లేకుంటె టికెట్ కొట్టాలంటడు."

"టికెట్ పైసలు లేవా?"

"ఉన్నయి." కొంచెం ఆగి అంది. "పోరికి పదకొండింటికి తినే యాల. తిన్నదో లేదో అని సూస్తున్న. ఈడ కూసుంటె ఏం కనబడ్తది? ఉత్తగనే కూసున్న."

నేను నిలబడే ఉన్నాను. "అవ్వా, నేను నిన్న అన్నది..." అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. "సారూ, నేను మొగడు సచ్చిన నాటి నుంచి ఒక్క పూట తింట. మా కోడలు పిల్లని అడుగు. ఆ ఒక్క పూట గూడ పోరి పన్నంకనే తింట."

"మరి బువ్వ ఏమైతున్నదవ్వా?" ఫీల్డు వర్కరు అడిగింది. గొంతులో నిలదీయడం లేదు, పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు అడిగింది.

"నీళ్ళు కలుపుత."

"ఎన్ని నీళ్ళు?"

"పలుచగ అయ్యేటన్ని. ఇంత ముద్దల నీళ్ళు పోసి, పిసికి, గుడ్డల వడగట్టి, ఆ తేట తాపుత. పిప్పి ఉంటది గద, కోళ్ళకేస్త."

"అట్లెందుకు?"

ఒక బస్సు వచ్చి ఆగింది. నల్లగొండ, నల్లగొండ అని కండక్టరు అరిచాడు. అది వెళ్ళేదాకా అవ్వ దాని వంకే చూసింది.

"నా పెద్దబిడ్డ," అంది తర్వాత. "గిదే ఈడు. నాట్లకు పోవాలె, పొద్దెక్కుతదని తొందర తొందరగ ముద్ద పెట్టిన. గొంతుల పడ్డది. వీపు మీద కొట్టిన, తలకిందులు జేసిన. పోయింది. గప్పటి సంది ఏ పోరనికి ముద్ద పెట్టలే. నా కొడుక్కు గూడ మా అత్తనే పెట్టింది."

ఫీల్డు వర్కరు ఆమె చేయి పట్టుకుంది. చెరుకు మిషను గజ్జెలు మోగుతూనే ఉన్నాయి.

నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. అడగకూడని సమయమని తెలుసు. అయినా అడిగాను. నా బుద్ధి అంతే.

"అవ్వా, తేట గూడ రోజుకు నాలుగుసార్లు తాగుతదా పాప?"

"యాడ తాగుతది సారూ. రెండుసార్లు. ఒక్కోనాడు ఒక్కసారే. నిద్ర పోతది, నేను లేపను."

"మరి కార్డుల నాలుగు బిళ్ళలున్నయి గదా."

అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూసింది. ఇంత వయసొచ్చి ఇది కూడా తెలియదా అన్నట్టు.

"బొట్టుబిళ్ళలు నేనెట్ల అంటిస్త సారూ? మొగడు లేనిదాన్ని. పోరి పేరు మీద పెట్టిన కాయితం అది. నా చెయ్యి తగులొద్దు. మా కోడలే పొద్దుగాల పొయ్యేటప్పుడు నాలుగూ అంటిచ్చి పోతది. వండినంత పెడ్తనని దాని నమ్మకం."

ఫీల్డు వర్కరు తన నుదుటి బొట్టు మీద వేలు పెట్టుకుంది. "నాకూ లేడు గదవ్వా. నేను పెట్టుకుంటలేనా? ఏమైంది నాకు?"

"నీది నీ ఇష్టం బిడ్డా. నీ నొసలు. అది పోరి పేరు మీది కాయితం. నేను పెట్ట."

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీకు ఇది పాతకాలపు పట్టింపుగా అనిపించవచ్చు. ఫీల్డు వర్కరుకు కూడా అలాగే అనిపించింది; తాను ఎప్పుడో దాటేసిన గీత ఇంకొకరికి ఇంకా ఉందని ఆమెకు తట్టకపోవడం వింత కాదు. మేడంకు తట్టలేదు. నేనైతే బొట్టుబిళ్ళలు లేని ఇల్లుండదని చెప్పినవాణ్ణి. నిజమే, ఆ ఇంట్లోనూ ఉన్నాయి. కానీ పాపకు తినిపించే చేయి వాటిని ముట్టని చేయి. ఐదు వారాలు గడప దగ్గర ఆమెను దాటి వెళ్ళి గోడను చూసి వచ్చాను. అమ్మాయి అబద్ధమాడలేదు, వండినదానికి బిళ్ళలు అంటించింది. అవ్వ దొంగతనం చేయలేదు, భయపడింది. ఆ పేజీలో తప్పు చేసింది నేనొక్కణ్ణే.

నేను ఆ ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. "తప్పు నాది అవ్వా" అన్నాను. ఆమె మూట సర్దుకుంది.

"ఇంటికి పోదాం" అంది ఫీల్డు వర్కరు. "గొంతుల పడకుండ ఎట్ల పెట్టాల్నో నేను సూపిస్త. నువ్వు ఒప్పుకుంటెనే పెట్టు. ఒప్పుకోకుంటె నేనే మల్ల తెచ్చి బస్సెక్కిస్త. టికెట్ పైసలు ఈ సారు ఇస్తడు."

ఆ చివరి మాటకు అవ్వ ముఖం కొంచెం సడలినట్టనిపించింది. నవ్వు అనలేను.

ఇంటికి వెళ్ళేసరికి పాప ఏడ్చి ఏడ్చి సోలిపోయి తల్లి భుజం మీద ఉంది. అత్తను చూసి ఆ అమ్మాయి లేచి నిలబడింది. అవ్వ మూట మూలన పెట్టి, చేతులు కడుక్కుని, పాప కోసం చేతులు చాచింది. ఇచ్చేసింది. అంతకుమించి ఆ ఇద్దరి మధ్య మా ముందు ఏమీ జరగలేదు.

ఫీల్డు వర్కరు పప్పుబువ్వ తీసుకుని, ఒక చెంచా నూనె వేసి, ఒక్క మెతుకు కూడా గట్టిగా తగలనంతవరకు పిసికింది. మేము మామూలుగా చెంచా వంచి చూపిస్తాం. అవ్వకు కళ్ళు సరిగా ఆనవని అప్పుడే తెలిసింది. అందుకని ఆమె వేళ్ళ మధ్యనే పెట్టి చూపించింది. "వేళ్ళ సందుల నుంచి కారొద్దు, వేళ్ళకు పలుకు తగలొద్దు. ఇగో, వెన్నలెక్క. ఇది గొంతుల అడ్డం పడదవ్వా. పోరిని పండబెట్టి పెట్టొద్దు, ఒళ్ళో నిటారుగ కూసోబెట్టు. చెంచాల సగమే తియ్. మింగినంక ఇంకోటి." మొదటి చెంచా ఫీల్డు వర్కరు పెట్టింది, రెండోదీ ఆమే. మూడోది అవ్వ చేతికిచ్చింది. ఆ చేయి పాప నోటి దాకా పోయి ఆగింది. పాపే ముందుకు వంగి చెంచాను నోట్లోకి లాక్కుంది.

మింగింది. అవ్వ పాప గొంతు మీద వేలు ఆనించి, అది కదలడం చూసి, అప్పుడు నాలుగో చెంచా తీసింది.

కార్డు సంగతి మిగిలింది. గోడ మీది అట్ట నేనే తీసేశాను. ఇప్పుడు దేంతో లెక్క అని చుట్టూ చూస్తే గడప దగ్గర చింతగింజల కుప్ప. ఐదు వారాలుగా నేను దాటి వెళ్ళిన కుప్పే. ఒక గ్లాసులో పొద్దున నాలుగు గింజలు వేయాలి. పాప తిన్నప్పుడల్లా ఒక గింజ తీసి పక్క గిన్నెలో వేయాలి. సాయంత్రం కోడలు వచ్చి గిన్నెలో గింజలు లెక్కపెట్టి క్యాలెండరులో అంకె వేయాలి. చింతగింజ ముట్టుకోవడానికి అవ్వకు ఏ అభ్యంతరమూ లేదు. పగలంతా ముట్టుకునేది అదే.

తర్వాత సంగతి క్లుప్తంగా చెబుతాను. పాప ఆరు కిలోల కిందికి పడలేదు. రెండు వారాలు అక్కడే నిలబడి, తర్వాత కదిలింది. ఏడాది నిండేనాటికి ఏడు కిలోల రెండు వందలు. గొప్ప బరువు కాదు, కానీ చార్టులో గీత పైకి పోతోంది. నిండు కార్డులు వచ్చిన మిగతా ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళాం. ఏడిళ్ళలో తినిపించేది తల్లి కాదు. రిజిస్టరులో తల్లి పేరు గడి పక్కన ఇంకో గడి గీశాను: తినిపించేది ఎవరు. ఆ గడి లేకుండా అప్పటికి నాలుగేళ్ళు పనిచేశానన్నది మేడంకు రాసిన కాగితంలో నేనే ఒప్పుకున్నాను. ఆవిడ చదివి, "మీ ఒక్కరిదే కాదు లెండి మాస్టారూ, చూడాల్సింది నేనూ చూడలేదు" అన్నారు. స్టీలు గిన్నెల బహుమతి ఆపేశాం. మీటింగుకు అవ్వలనూ పిలవడం మొదలుపెట్టాం. కోడళ్ళు నిజంగానే కొంచెం తక్కువ మాట్లాడారు. ప్రతిదానికీ కొంత తరుగు ఉంటుంది.

మీరిప్పుడు ఫోనులో నింపుతారు. ఫోను గడి ఖాళీగా ఉంటే ముందుకు పోనివ్వదట. నా చేతిలో పెన్నుకు ఆ బలవంతం లేదు, అయినా ఖాళీ లేకుండానే నింపాను. కాబట్టి ఫోనును ఏమీ అనను.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. గింజలు పెట్టిన మర్నాడు సాయంత్రం, మనసు ఆగక ఒక్కణ్ణే ఆ ఇంటికి వెళ్ళాను. కోడలు ఇంకా రాలేదు. హాస్టల్లో పని ఊడలేదు, అక్కడికే పోయింది. అవ్వ గడప దగ్గరే ఉంది, ఒళ్ళో పాప. నన్ను చూసి, అడగకముందే గిన్నె ముందుకు జరిపింది. మూడు గింజలున్నాయి. నాలుగోది గ్లాసులోనే ఉంది.

"మూడేసార్లు తిన్నది సారూ. నాలుగోసారి నోరు తెరవలే. అబద్ధం ఎందుకాడాలె."

పుస్తకంలో ఉన్నది మూడు నాలుగు అని. మూడు ఎప్పుడూ తప్పు కాదు. నాలుగు అని ఖాయం చేసింది నేను.

రిజిస్టరు తెరిచాను. ఆమె లేచి, లోపలికి పోయి, మూత పెట్టిన గిన్నె తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"నాలుగోసారిది గిండ్లనే ఉన్నది. నేను ముట్టలే. మూత తీసి సూసుకో."

కోపంగా అనలేదు. రోజూ చెప్పాల్సిన లెక్కలో ఇదీ ఒకటని అనుకున్నట్టుంది. ఆ తర్వాత కూడా ఆమె నాతో బాగానే మాట్లాడేది. కానీ నా ముందు ఎన్నడూ ఏమీ తినలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు.

గిన్నె నా ముందు ఉంది. ప్రతిదీ తూచి, చూసి, రెండోసారి చూసి రాసిన వాణ్ణి నేను. మూత తీయలేదు. తీయకుండానే ఆ గడిలో మూడు అని రాశాను.